ఆ రికార్డు నన్ను చెడగొట్టింది

బర్మింగ్‌హామ్‌లో ప్రాజెక్టు మీద ఉన్న రోజుల్లో, ఓ చలికాలం సాయంత్రం 28 పౌండ్లు పెట్టి టికెట్ కొనుక్కుని ఎల్గార్ అనే ఇంగ్లీషు సంగీతకర్త రాసిన చెల్లో కన్చెర్టో వినడానికి వెళ్ళాను. చెల్లో అంటే మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ లాంటిది. కన్చెర్టో అంటే అలాంటి ఒక్క వాద్యం ముందుండి, ఆర్కెస్ట్రా వెనకుండి వాయించే రచన. 28 పౌండ్లంటే అప్పట్లో నాకు వారం సరుకులు. వెనక నుంచి మూడో వరస. పక్కన మా ఆఫీసులో పనిచేసే ఒక ఇంగ్లీషు పెద్దాయన. ఈ సంగీతం పిచ్చి నాకు అంటించింది ఆయనే.

ఆ కన్చెర్టో మొదటి భాగంలో ఒక చోటుంది. చెల్లో కింద నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోయి, ఇక పైన మెట్టు లేదనిపించే స్వరం మీద నిలబడుతుంది. నిలబడీ నిలబడగానే ఆర్కెస్ట్రా అంతా కలిసి పాటను నిండు గొంతుతో అందుకుంటుంది. ఇంట్లో ఆ చోటు ఎన్ని వందల సార్లు విన్నానో లెక్కలేదు. అందుకే ఆ రాత్రి చెల్లో మెట్లెక్కడం మొదలుపెట్టగానే కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగాను. స్టేజీ మీదున్నాయన శుభ్రంగా ఎక్కేశాడు. సాగదీయలేదు, పై స్వరాన్ని పట్టుకుని వేలాడలేదు, పని కానిచ్చి ఆర్కెస్ట్రాకు అప్పగించాడు. నాకు ఉసూరుమంది. బస్సు దిగి చూసుకుంటే పర్సు లేనట్టు.

ఇంటర్వెల్‌లో పెద్దాయన ఎలా ఉందని అడిగితే, "బాగానే ఉంది కానీ అసలుది ఇలా ఉండదు కదా" అన్నాను.

"అసలుదంటే ఏది?" అన్నాడాయన నవ్వుతూ.

జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే నా దృష్టిలో అసలుదంటే ఒక సీడీ. పాతబట్టలు, పాత పుస్తకాలు అమ్మే ఛారిటీ షాపులో ఒక పౌండుకు కొన్న సీడీ.

మనవాళ్ళకు ఇది తెలియని జబ్బేమీ కాదు. మా ఊళ్ళో దసరాకి ఆర్కెస్ట్రా పెడితే, కుర్రాడు ఎంత బాగా పాడినా వెనక కుర్చీల్లోంచి ఒక మాట వినపడి తీరుతుంది: "బాగానే పాడాడు గానీ ఘంటసాలలా లేదు." ఘంటసాలలా ఉండటానికి ఘంటసాలే ఉన్నాడు కదా, ఈ కుర్రాడెందుకు అని ఎవరూ అడగరు. నేను బర్మింగ్‌హామ్‌లో కూర్చుని ఆ వెనక కుర్చీవాడి మాటే ఇంగ్లీషులో అన్నాను.

ఇంతకీ ఆ సీడీలో ఉన్నది జాక్వెలిన్ డు ప్రే అనే ఇంగ్లీషు చెల్లో వాద్యగత్తె. 1965 ఆగస్టు 19న లండన్‌లోని కింగ్స్‌వే హాల్లో, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు. ఆర్కెస్ట్రాని ముందు నిలబడి నడిపించిన కండక్టర్ జాన్ బార్బిరోలీ. ఆమెకు 20 ఏళ్ళు, ఆయనకు 65. కింగ్స్‌వే హాలు కచేరీల కోసం కట్టింది కాదు, మెథడిస్టు చర్చివాళ్ళ మిషన్ హాలు. అయినా ఆ గదిలో శబ్దం తిరిగే తీరు అద్భుతమని రికార్డు కంపెనీలు దానికోసం ఎగబడేవి. అడుగున అండర్‌గ్రౌండ్ రైలు పోతే ఆ గురగుర కూడా కొన్ని రికార్డుల్లో పడింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రైలు కోసం వెతికే పిచ్చివాళ్ళున్నారు. నేనూ వెతికాను.

ఆ రోజు గురించి ఒక కథ చెప్పుకుంటారు. మధ్యలో విరామం ఇస్తే డు ప్రే తలనొప్పి మాత్రల కోసం మందుల షాపుకి వెళ్ళిందట. తిరిగొచ్చేసరికి హాల్లో కొత్త జనం. లోపల ఏదో జరుగుతోందని ఆ నోటా ఈ నోటా తెలిసి, ఊళ్ళో ఉన్న వాద్యగాళ్ళు వినడానికి వచ్చి కూర్చున్నారట. నమ్మబుద్ధేస్తుంది. ఆ మొదటి మోతలు వినండి. ఆర్కెస్ట్రా ఇంకా నోరు విప్పకముందే చెల్లో ఒక్కతే నాలుగు తీగల మీదా విల్లు లాగి గట్టిగా తలుపు తోసుకుని వచ్చినట్టు వస్తుంది. మామూలుగా కన్చెర్టోలో సోలో వాద్యం కాసేపు ఆగి, అందరూ సర్దుకున్నాక వస్తుంది. ఇక్కడ మొదటి మాటే దానిది. ఆ తర్వాత వయొలిన్ కన్నా కాస్త పెద్దవైన వయోలాలు మాత్రమే, కింద ఏ ఆధారమూ లేకుండా, ఊయల ఊగినట్టుండే ఒక పాట ఎత్తుకుంటాయి. డు ప్రే ఆ పాటను వాళ్ళ చేతుల్లోంచి తీసుకునే తీరులో ఒక ఆకలి ఉంటుంది. ఆమె మరీ ఎక్కువ చేస్తోందని విమర్శించినవాళ్ళకు బార్బిరోలీ చెప్పిన సమాధానం నాకు చాలా ఇష్టం: వయసులో ఉన్నప్పుడు అంతా ఎక్కువగానే ఉండాలి, లేకపోతే పెద్దయ్యాక చెక్కేసుకోవడానికి ఏం మిగులుతుంది అని.

కాబట్టి ఆ రికార్డు గొప్పది కాదని నేనేమీ అనబోవడం లేదు. అలా అనేవాళ్ళతో నాకు పేచీ కూడా. నా పేచీ మనం దాన్ని వినే తీరుతో.

1973లో డు ప్రేకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బని తేలింది. వేళ్ళకు స్పర్శ పోయింది, విల్లు పట్టుకోవడం కుదరలేదు. 28 ఏళ్ళకే వాయించడం ఆగిపోయింది. 1987లో, 42 ఏళ్ళ వయసులో పోయింది. ఈ సంగతి తెలిశాక ఆ రికార్డు మామూలుగా వినడం ఎవరి వల్లా కాదు. ప్రతి స్వరంలో రాబోయే విషాదం వినిపిస్తుంది. సీడీ పుస్తకాల్లో, యూట్యూబ్ వీడియోల కింద అందరూ రాసేది అదే: "తన బతుకంతా ముందే తెలిసినట్టు వాయించింది." ఏం తెలుసు? 1965 ఆగస్టులో ఆమె ఆరోగ్యంగా ఉన్న, బాగా నవ్వే, చేతిలో ఎక్కడలేని బలం ఉన్న 20 ఏళ్ళ అమ్మాయి. ఆ రికార్డులో ఉన్నది ఆ బలమే. విషాదం మనం తర్వాత తెచ్చి అందులో పోసింది.

ఎల్గార్ విషయంలోనూ ఇదే జరిగింది. భార్య ఆలిస్ పోయిన దుఃఖంలో ఈ కన్చెర్టో రాశాడని చాలామంది అనుకుంటారు. తేదీలు చూస్తే చాలు. కన్చెర్టో మొదటిసారి వాయించింది 1919 అక్టోబరు 27న. ఆలిస్ పోయింది 1920 ఏప్రిల్ 7న. ఆ తొలి కచేరీనాటికి ఆమె బతికే ఉంది, రిహార్సల్ సరిగ్గా జరగలేదని డైరీలో మండిపడింది కూడా. ఇంత ప్రసిద్ధమైన రెండు ఏడుపులూ సంగీతం పుట్టాక వచ్చినవే!

మరి ఎల్గార్‌కి దుఃఖం లేదా అంటే, ఉంది. యుద్ధకాలం. 1918 మార్చిలో లండన్‌లో టాన్సిల్స్ ఆపరేషన్ చేయించుకున్నాడు. 60 ఏళ్ళ మనిషికి ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. తేరుకున్నాక కాగితం, పెన్సిలు అడిగి ఒక పాట రాసుకున్నాడు. ఆ ఊయల పాటే అది. తర్వాత ససెక్స్‌లో అడవి పక్కన బ్రింక్‌వెల్స్ అనే కుటీరంలో ఉంటూ కన్చెర్టో పూర్తి చేశాడు. అంతకుముందు యుద్ధం నడిచే రోజుల్లో, రాత్రుళ్ళు సముద్రం అవతల ఫ్రాన్సులో పేలే ఫిరంగుల మోత అక్కడికి వినిపించేదంటారు. తాను ఎరిగిన లోకం పోయిందని ఆయనకు అర్థమైంది. తన రచనల జాబితాలో ఈ కన్చెర్టో పక్కన సమాప్తం, ఆత్మకు శాంతి అని రాసుకున్నాడు. ఈ దుఃఖం నిజమైనది. కానీ అది 60 దాటిన మనిషి దుఃఖం. అలాంటి మనిషి గుండెలు బాదుకోడు, మధ్యమధ్యలో జోకులు కూడా వేస్తాడు. రెండో భాగం వినండి, చెల్లో ఉడతలా కొమ్మ మీంచి కొమ్మ మీదికి గెంతుతూ ఉంటుంది. మూడోది, అందరూ కన్నీళ్ళు పెట్టుకునేది, అంతా కలిపి 60 బార్లు, మన లెక్కలో 60 తాళావర్తాల్లాంటివి. పేజీకి మించి ఉత్తరం రాయడం ఇష్టంలేని మనిషి రాసినట్టుంటుంది. నాలుగోది కాస్త టెక్కుగా, ఛాతీ విరుచుకుని నడుస్తుంది. చివర్లో పాత పాట ఒక్క క్షణం గుర్తొస్తుంది, మొదటి మోతలు తిరిగొస్తాయి, అంతలోనే "సరే, పదండి" అన్నట్టు గబగబా ముగిసిపోతుంది. ముప్పావు గంట ఏడుపు కాదిది. డు ప్రే దగ్గరే దాదాపు 30 నిమిషాలు, ఎల్గార్ సొంత రికార్డులో ఇంకా తక్కువ.

అవును, ఎల్గార్ సొంత రికార్డు ఉంది. పెద్దాయన ఆ రాత్రి నన్ను కారులో దింపుతూ చెప్పేదాకా నాకు తెలియదు.

దాని వెనక కథ చెప్పాలంటే ఆ తొలి కచేరీ దగ్గరికి వెళ్ళాలి. లండన్ క్వీన్స్ హాల్లో ఆ రాత్రి కన్చెర్టోకి ఎల్గారే కండక్టర్, చెల్లో ఫీలిక్స్ సామండ్. మిగతా కార్యక్రమమంతా ఆల్బర్ట్ కోట్స్ అనే మరో కండక్టర్‌ది. ఆయన తన ముక్కల రిహార్సల్ సాగదీసి, ఎల్గార్‌కి ఇచ్చిన టైమును తినేశాడు. కొత్త రచన, సరిగ్గా సాధన లేదు. ఆర్కెస్ట్రా తడబడింది. ఇంత పేరున్న ఆర్కెస్ట్రా ఇంత ఘోరంగా పరువు తీసుకోవడం చూడలేదన్నట్టు సంగీత విమర్శకుడు ఎర్నెస్ట్ న్యూమన్ పత్రికలో ఉతికి ఆరేశాడు. సామండ్ పడ్డ శ్రమ చూసి గానీ లేకపోతే ఎల్గార్ తన రచనను వెనక్కి తీసుకునేవాడే. ఆ ఆర్కెస్ట్రాలో చెల్లోల వరసలో తానూ కూర్చుని వాయించానని తర్వాత ఒక కుర్రాడు చెప్పుకున్నాడు. 19 ఏళ్ళ ఆ కుర్రాడే 46 ఏళ్ళ తర్వాత కింగ్స్‌వే హాల్లో డు ప్రే పక్కన నిలబడ్డ బార్బిరోలీ.

కచేరీ హాల్లో దెబ్బతిన్న ఈ కన్చెర్టోని ఎల్గార్ వెంటనే రికార్డు కంపెనీకి పట్టుకెళ్ళాడు. అప్పటికే ఆయనకు గ్రామఫోన్ అంటే మోజు. 1914 నుంచే రికార్డులిస్తున్నాడు. చాలామంది పెద్ద సంగీతకర్తలు దాన్ని ఆటబొమ్మ అనుకుంటున్న రోజుల్లో ఆయన దాని ముందు బుద్ధిగా నిలబడ్డాడు. గ్రామఫోన్ కంపెనీలో ఆయన రికార్డులు చూసుకున్న ఫ్రెడ్ గైస్‌బర్గ్ మనకూ తెలిసినవాడే. 1902లో కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలు పట్టుకెళ్ళింది ఆయనే.

1919-20ల్లో చేసిన ఆ మొదటి రికార్డులో చెల్లో వాయించింది బియాట్రిస్ హారిసన్. సర్రేలో తన తోటలో కూర్చుని చెల్లో వాయిస్తుంటే నైటింగేల్ పిట్టలు గొంతు కలిపేవని, 1924లో బీబీసీ ఆ తోటలోకి మైకులు తెచ్చి ప్రసారం చేసింది. ఆవిడే. ఆ మొదటి రికార్డు మైకు రాకముందుది. అందరూ ఒక పెద్ద గొట్టం నోటి ముందు ఇరుక్కుని కూర్చుంటే, ఆ శబ్దం సూదిని కదిలించి మైనం మీద గీత గీస్తుంది. రికార్డు పళ్ళానికి ఒక పక్క నాలుగైదు నిమిషాలు పట్టడమే గగనం. కాబట్టి కన్చెర్టోని కత్తిరించారు. 1928లో మైకు వచ్చాక మళ్ళీ అదే హారిసన్‌తో, న్యూ సింఫనీ ఆర్కెస్ట్రాతో ఎల్గార్ పూర్తిగా రికార్డు చేశాడు. నేను మాట్లాడుతున్నది ఈ 1928 దాని గురించి.

మొదటిసారి పెడితే గరగరలు తప్ప ఏమీ వినపడలేదు. ఉల్లిపాయలు వేగుతున్న మూకుడు వెనక ఎవరో వాయిస్తున్నట్టుంది. రెండోసారికి చెవి ఆ వేపుడుకి అలవాటు పడింది. మూడోసారి ఆశ్చర్యపోయాను. ఎల్గార్ ఎక్కడా ఆగడు. డు ప్రే ఆగి కళ్ళు తుడుచుకునే చోట ఈయన నడుస్తూనే ఉంటాడు, ఒక వాక్యంలో కాస్త తొందరపడి తర్వాతి వాక్యంలో సర్దుకుంటాడు, మాట్లాడే మనిషిలా. హారిసన్ మూడో భాగాన్ని పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పినట్టు చెబుతుంది, హాలు చివరి వరసకి కాదు.

ఇంకొకటి, జారు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తీగ మీద వేలు జార్చుకుంటూ వెళ్ళడం. హారిసన్ ఒక్కతే కాదు, వెనక వయొలిన్లన్నీ కలిసి జారతాయి. ఆ కాలంలో అందరూ అలాగే వాయించేవాళ్ళు. ఇప్పటి ఇంగ్లీషు శ్రోతలకు అది పాతకాలపు సెంటిమెంటు, కొంచెం నవ్వులాట కూడా. మా పెద్దాయనే "దీన్ని భరించాలి, ఏం చేస్తాం" అన్నాడు. నాకు మాత్రం అదే దగ్గరగా అనిపించింది. చిన్నప్పటి నుంచీ వయొలిన్ అంటే జారుతుందనే తెలుసు మరి. స్వరానికీ స్వరానికీ మధ్య గోడ కట్టి శుభ్రంగా గెంతే ఈనాటి వాయింపే నాకు పరాయిది.

ఇక్కడ నన్ను ఆపి ఎవరైనా అడగొచ్చు: "నీకూ ఇంకో అసలుది దొరికింది, అంతేగా?" కొంతకాలం అలాగే ఊగిపోయాను, ఒప్పుకుంటున్నాను. రాసినాయనే చేసిన రికార్డు ఉండగా మిగతావెందుకని మా పెద్దాయనతో వాదించాను. ఆయన ఓపికగా ఒక్కో రికార్డూ ఇచ్చాడు. వీటిలో ముందు చెప్పే పేరు చెల్లో వాయించినవాళ్ళది, తర్వాతది కండక్టర్‌ది. 1945లో పాబ్లో కజాల్స్, స్పెయిన్ నుంచి దేశం వదిలొచ్చిన 68 ఏళ్ళ మనిషి, ఏడ్రియన్ బోల్ట్‌తో. 1988లో స్టీవెన్ ఇసర్లిస్, రిచర్డ్ హికాక్స్‌తో. ఆ తర్వాత 2020లో వచ్చిన షేకూ కానె-మేసన్, సైమన్ రాటిల్‌తో. నాటింగ్‌హామ్ కుర్రాడు. డు ప్రే రికార్డు వింటూ పెరిగాననే చెప్పుకుంటాడు, కానీ వాయించేటప్పుడు ఆమెలా అరవడు. ఇసర్లిస్ నాకు అన్నిటికన్నా నచ్చాడు. రెండో భాగంలో అతని చెల్లో తనలో తాను గొణుక్కుంటూ పోయే తీరు ఇంకెవరి దగ్గరా వినలేదు.

అసలు డు ప్రేకే ఆ 1965 రికార్డు ఆఖరి మాట కాదు. 1967 జనవరిలో బార్బిరోలీతోనే ప్రాగ్‌లో వాయించినప్పటి రికార్డు ఉంది. 1970లో ఫిలడెల్ఫియాలో భర్త డానియల్ బారెన్‌బోయిమ్‌తో వాయించిందీ ఉంది. ఒక్కోచోట ఒక్కో మనిషి. 1965 రికార్డు తయారై వచ్చాక విని, "నేను అనుకున్నది ఇది కానే కాదు" అని ఏడ్చిందని కూడా చెప్పుకుంటారు. ఆమె వద్దనుకున్నదాన్ని మనం శిలాశాసనం చేసి కూర్చున్నాం. పాపం, ఆ తర్వాత వచ్చిన ప్రతి చెల్లో వాద్యగాడూ ముందు ఆ శాసనానికి దండం పెట్టుకుని గానీ వాయించకూడదు.

మన ఘంటసాల భగవద్గీత గుర్తొస్తుంది నాకు. ఆయన చావుల కోసం పాడలేదు. యుద్ధం చేయమని చెప్పే పుస్తకం అది! కానీ ఆయన పోయాక విడుదలైంది, ఎప్పుడో ఏ ఊళ్ళోనో ఒక శవం ముందు పెట్టారు, ఇక అంతే. ఇప్పుడు వీధి చివర ఆ గొంతు వినపడితే "ఎవరు పోయారు?" అంటాం. రికార్డు మారలేదు, చుట్టూ మనం కట్టిన ఇల్లు మారింది. అందులో ఆయన ఎంత హుషారుగా, ఎంత స్పష్టంగా పద్యం విప్పి చెబుతాడో వినేవాడే లేడు.

ఒక తెలుగువాడికి ఎల్గార్ ఎందుకు అన్న ప్రశ్న కూడా ఎదురైంది, ఇండియాలో స్నేహితుల దగ్గరే. న్యాయమైన ప్రశ్న. ఢిల్లీ దర్బారు సంబరంగా 1912లో లండన్ కొలీసియంలో ఆడిన వేడుక నాటకానికి సంగీతం రాసినవాడీయన. దాని పేరే భారత కిరీటం. ఆ సంగీతం కొంచెం విన్నాను, మళ్ళీ వినను. కానీ వూస్టర్‌లో పియానోలు శ్రుతి చేసే ఒక కొట్టువాడి కొడుకు, కాథలిక్కు, కాలేజీలో సంగీతం చదువుకోనివాడు, దొరల మధ్య జీవితాంతం బిడియంగా నిలబడ్డవాడు ఆయనే. కిరీటాల సంగీతం ఒకడు రాశాడు, కన్చెర్టో ఇంకొకడు రాశాడు, ఇద్దరికీ మీసం ఒకటే.

ఆ మీసాలాయన చివరి రోజుల సంగతి ఒకటుంది. 1934 జనవరి 22. ఎల్గార్ వూస్టర్‌లో తన ఇంట్లో మంచం మీద ఉన్నాడు, క్యాన్సర్. లేచే పరిస్థితి లేదు. లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో ఆయన రచన ఒకటి రికార్డు చేస్తున్నారు. ఆ స్టూడియోని 1931లో ప్రారంభించిందీ ఆయనే. గైస్‌బర్గ్ వాళ్ళు స్టూడియో నుంచి ఆయన పడకగదికి టెలిఫోన్ లైను వేయించారు. మంచం పక్కన స్పీకరు, చేతికందేలా మైకు. అక్కడ ఆర్కెస్ట్రా వాయిస్తుంటే ఈయన ఇక్కడ పడుకుని విని, ఎక్కడ ఎలా ఉండాలో చెబుతూ పోయాడు. నెల తర్వాత, ఫిబ్రవరి 23న పోయాడు. ఒకసారి వాయించినదాన్ని విని "ఇలా కాదు, మళ్ళీ" అనడానికి అంత ఆయాసంలోనూ ఓపిక తెచ్చుకున్న మనిషి ఒకే ఒక్క రికార్డును పట్టుకుని వేలాడమంటాడా?

కిందటి సంక్రాంతికి విజయనగరం వెళ్ళినప్పుడు ఈ గొడవంతా నాన్న ముందు పెట్టాను. నాన్నకి 78 ఏళ్ళు. సంగీతం అంటే ఆయనకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, ఆ తర్వాత చిన్న ఖాళీ, ఆ తర్వాత మిగతావాళ్ళు. ఎల్గార్ అంటే తెలియదు. విదేశీ వయొలిన్ విద్వాంసుడు మెనుహిన్ పేరు మాత్రం తెలుసు. 1952లో మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ గారింట్లో ద్వారం వారి వయొలిన్ విని మెనుహిన్ మైమరచిపోయాడన్న కథ ఆయన నాకు చిన్నప్పుడే చెప్పాడు. "ఆ మెనుహిన్ 16 ఏళ్ళప్పుడు వయొలిన్ కన్చెర్టో రికార్డు చేశాడు చూడు, అది రాసి, పక్కన నిలబడి చేయించినాయనే ఈయన" అంటే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ముందు 1928 పెట్టాను, కావాలనే. మూడో భాగం మాత్రమే. గరగర వింటూ కళ్ళు మూసుకున్నాడు. అయ్యాక, "ఆ జారు బాగుంది. మనావిడే అనిపిస్తంది" అన్నాడు. నా గుండె పొంగింది. వెంటనే ఇప్పటి దాకా మీకు చెప్పిందంతా ఆయనకి చెప్పడం మొదలెట్టాను, తేదీలతో సహా.

"ముందు ఆ రెండోది పెట్టరా, కబుర్లు తరవాత."

డు ప్రే పెట్టాను. ఆమెకు వచ్చిన జబ్బు సంగతి చెప్పలేదు. 60 బార్లు. చివరి స్వరం ఇంకా గదిలో ఉండగానే వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏటయింది ఆ పిల్లకి?" అంది.

"ఏమీ కాలేదమ్మా, అప్పటికి" అన్నాను.

నాన్న కళ్ళు తెరవకుండానే చెయ్యి గాల్లో తిప్పాడు, మళ్ళీ పెట్టమని. ఏది నాన్నా అని అడగబోయి ఊరుకుని, ఆ పిల్లదే మళ్ళీ పెట్టాను.